నది పక్కన దారి ఎవరి కోసం? మూడు రోజుల సైకిల్ ట్రిప్‌కి ముందు కొంచెం చరిత్ర

ఈసారి ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల పుట్టింది. మిర్యాలగూడ తమ్ముడు ఒకతను జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నాడు. "అన్నా, మూడు రోజులు సెలవు దొరికింది. నలుగురం కలిసి నది పక్కన సైకిల్ తొక్కుకుంటూ పోదామని ప్లాన్. డాన్యూబా, లువారా, ఫ్రాన్స్‌లో కాలువ ఒకటుందంట గదా, అదా? ఏది ఎంచుకోమంటావు?" అని అడిగాడు.

నేను ట్రావెల్ ఏజెంట్‌ని కాను. హోటల్ రేట్లు నన్ను అడగొద్దు. కానీ ఈ ప్రశ్నకి చరిత్రలో మంచి జవాబు ఉంది. అదేంటంటే, నది పక్కన దారి దానంతట అది పుట్టదు. ఎవరో ఒకరి పని కోసం ఆ దారి వేస్తారు. ఆ పని ఏంటో పట్టుకుంటే ఆ దారి చదునుగా ఉంటుందా, ఎటు నుంచి ఎటు తొక్కాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి అనేవి సగం తెలిసిపోతాయి. ఇప్పుడు ఆ పని మీదే మాట్లాడుకుందాం.

ముందు మన దగ్గర నుంచే మొదలుపెడదాం. ఎందుకంటే మన దగ్గర నది ఉంది, నది పక్కన దారి మాత్రం లేదు. ఎందుకు లేదు?

ఒకసారి ఫోన్‌లో మ్యాప్ తెరవండి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ కనిపించేలా పెట్టండి. కింద దక్షిణాన కృష్ణ వంకర్లు తిరుగుతూ పోతుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన మూసీ సూర్యాపేట పక్కనుంచి దిగి, మిర్యాలగూడ దగ్గర్లోని వాడపల్లిలో కృష్ణలో కలుస్తుంది. ఇన్ని నీళ్ళు పెట్టుకుని మన పెద్ద రోడ్డు మాత్రం నదికి దూరంగా పోతుంది. హైదరాబాద్ నుంచి సూర్యాపేట, కోదాడ మీదుగా విజయవాడ పోయే 65వ నంబర్ జాతీయ రహదారి సంగతే చూడండి. బస్సు కిటికీలోంచి కృష్ణ కనపడాలంటే దాదాపు విజయవాడ దగ్గరికి చేరాల్సిందే.

కారణం సింపుల్. మన దగ్గర కృష్ణ కొండల మధ్య, రాళ్ళ మీద పారుతుంది. వానాకాలం ఉధృతంగా వస్తుంది, ఎండాకాలం బండలు తేలుతాయి. సరుకు నింపిన పడవల్ని ఏడాది పొడుగునా ఎదురు ప్రవాహంలో పైకి తీసుకుపోయే వీలు లేదు. కాబట్టి మన సరుకు నీళ్ళ మీద కాకుండా ఎడ్ల మీద, ఎడ్లబండ్ల మీద నడిచింది. బండికి కావాల్సింది ఏంటి? వాగులు తక్కువ ఉన్న దారి. నది ఒడ్డునే పోతే, నదిలో కలిసే ప్రతి వాగునీ అది బాగా వెడల్పుగా, లోతుగా ఉన్న చోట దాటాలి. కాస్త పైకి, మెట్ట మీదికి జరిగితే అదే వాగు చిన్నగా ఉంటుంది. అందుకే బండి దారి నదికి దూరం జరిగింది. తర్వాత వచ్చిన రోడ్లు కూడా చాలావరకు అదే పోకడలో పోయాయి.

దీనికి మన ప్రాంతంలోనే ఒక గట్టి సాక్ష్యం ఉంది. 17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే దారి రాసిపెట్టాడు. గోల్కొండ రాజధాని, మచిలీపట్నం రేవు. ఈ రెంటి మధ్య ప్రయాణం అంటే మన జిల్లాల మీదుగానే. ఆయన రెండు లెక్కలు ఇచ్చాడు. నేరుగా పోతే 100 కోసులు. కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు వజ్రాల గనుల మీదుగా పోతే 112 కోసులు. కోసు అంటే ఆ రోజుల్లో దూరానికి కొలత. ప్రాంతాన్ని బట్టి మారేది, మన లెక్కలో మూడు కిలోమీటర్ల అటూ ఇటూ అనుకోండి.

మరి టావెర్నియే ఏ దారి పట్టాడు? చుట్టుదారి. తాను ఎక్కువగా 112 కోసుల దారిలోనే పోయేవాడినని ఆయనే రాసుకున్నాడు. మధ్యలో ఆగిన ఊళ్ళ పేర్లు కూడా ఇచ్చాడు. ఆయన స్పెల్లింగులో మన పేర్లు గుర్తుపట్టడం కష్టమే గానీ, అందులో నల్లగొండ పక్కనున్న పానగల్లు ఉంది. నాగెల్‌పార్ అని రాసింది మన పెన్‌పహాడ్ మండలం నాగులపహాడేనని ఆ పుస్తకం మీద పనిచేసినవాళ్ళు గుర్తించారు. కాకతీయుల కాలపు గుళ్ళున్న ఊరు అది. కొల్లూరు దగ్గరపడే కొద్దీ దారి అంతా రాళ్ళేనని, కొన్ని చోట్ల తన బండిని విప్పి, దాటించి, మళ్ళీ బిగించుకోవాల్సి వచ్చిందని కూడా రాశాడు.

ఇంత తిప్పలు ఎందుకు పడ్డాడు? వజ్రాల కోసం. కొల్లూరులో ఆడా మగా పిల్లలూ కలిపి 60,000 మంది దాకా పనిచేస్తున్నారని ఆయన రాశాడు. అంకె ఆయనది. మనం దాన్ని ఒక వ్యాపారి అంచనాగానే తీసుకోవాలి. కోహినూర్ కూడా అక్కడిదేనని చాలామంది చెప్పే మాట మీరు వినే ఉంటారు.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. నది పక్క దారి చాలాసార్లు చుట్టుదారే. పని ఉన్నవాడే ఆ దారిన పోతాడు. సెలవుకి పోయే మనకి కూడా "ఎందుకు ఈ చుట్టు" అనే ప్రశ్నకి జవాబు ఉండాలి.

ఇప్పుడు డాన్యూబ్ దగ్గరికి పోదాం. జర్మనీలో పుట్టి, తూర్పుకి పారి, నల్ల సముద్రంలో కలిసే నది. పొడవు దాదాపు 2,850 కిలోమీటర్లు. అందులో జర్మనీలోని పస్సావ్ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా, 300 కిలోమీటర్ల పైచిలుకు, నది పక్కనే సైకిల్ దారి ఉంది. యూరప్‌లో సైకిల్ ట్రిప్ అనగానే చాలామంది ముందు చెప్పే పేరు ఇదే.

అక్కడ ఆ దారి ఎట్లా వచ్చింది? గుర్రాల వల్ల. డాన్యూబ్‌లో నీళ్ళు ఉంటాయి, పడవ నడుస్తుంది. కిందికి పోవడం ఈజీ, ప్రవాహమే తీసుకుపోతుంది. జర్మనీలోని ఉల్మ్ ఊరి నుంచి బయల్దేరిన ఒక రకం పడవల్ని అయితే, గమ్యం చేరాక విప్పేసి కట్టె కింద అమ్మేసేవాళ్ళు. వెనక్కి తేవడం అంత కష్టం మరి. కానీ హంగేరీ వైపు నుంచి ధాన్యం, వైన్ పైకి రావాలి గదా. ఇంజిన్ లేని కాలంలో ఎదురు ప్రవాహంలో పడవ ఎట్లా వస్తుంది? ఒడ్డున గుర్రాలు నడవాలి, వాటికి తాడు కట్టాలి, ఆ తాడు పడవని లాగాలి. పెద్ద పడవల వరుస అయితే నలభైకి పైగా గుర్రాలు కట్టిన సందర్భాలు ఉన్నాయి.

ఆ గుర్రాలు నడవడానికి ఒడ్డున వేసిన బాటే ఇప్పటి సైకిల్ బాటకి తల్లి. దీన్ని మనం లాగుడు బాట అనుకుందాం. ఈ ఎపిసోడ్ మొత్తానికి ఆ ఒక్క మాట చాలు.

ఇప్పుడు సైకిల్ కోణంలో ఆలోచించండి. లాగుడు బాట ఎట్లా ఉండాలి? ఒకటి, నీళ్ళకి దగ్గరగా ఉండాలి. తాడు పొడుగు ఎంతో అంతే దూరం. రెండు, ఎత్తుపల్లాలు ఉండకూడదు, బరువు లాగే గుర్రం గుట్ట ఎక్కలేదు. మూడు, గుర్రానికీ పడవకీ మధ్య తాడుకి అడ్డం ఏదీ ఉండకూడదు. అంటే నది బాగా కనపడే, చదునైన, అడ్డాలు లేని దారి. కొత్తగా సైకిల్ టూర్‌కి పోయేవాడికి సరిగ్గా అదే కావాలి. గుర్రం కోసం వేసింది మనకి వందేళ్ళ తర్వాత సరిపోయింది.

ఇంకో సంగతి. కొండ నిటారుగా నీళ్ళలోకి దిగిన చోట బాట వేయలేరు. అప్పుడు గుర్రాల్ని పడవలో ఎక్కించి అవతలి ఒడ్డుకి దాటించి, అక్కడ నుంచి లాగించేవాళ్ళు. ఈ రోజుకీ డాన్యూబ్ మీద సైకిళ్ళని దాటించే చిన్న పడవలు నడుస్తున్నాయి. మన బల్లకట్టు లాంటివే అనుకోండి. కాబట్టి ప్లాన్ వేసేటప్పుడు "ఏ ఒడ్డు" అనేది ముందే చూసుకోవాలి. పడవ ఏ టైమ్‌కి ఆగిపోతుందో తెలియకపోతే సాయంత్రం ఇవతల మీరు, అవతల మీ హోటల్.

మరి గుర్రాలు ఏమయ్యాయి? ఆవిరి ఓడ వచ్చింది. డాన్యూబ్ మీద ఆవిరి ఓడలు నడిపే కంపెనీ 1829లో వియన్నాలో పెట్టారు. తర్వాత రైలు వచ్చింది. లాగుడు బాటకి పనిపోయింది, గడ్డి మొలిచింది. చాలాకాలం అట్లా పడి ఉన్న ఆ బాటల్ని 1980లలో సైకిళ్ళ కోసం బాగుచేయడం మొదలుపెట్టారు. తాతల కాలపు పని దారిని పారేయకుండా, ఇంకో పనికి వాడుకున్నారు.

ఇంకో రెండు దారులు కూడా ఇదే అద్దంలో చూద్దాం.

లువార్. ఫ్రాన్స్‌లో అన్నిటికంటే పొడవైన నది, వెయ్యి కిలోమీటర్లు ఉంటుంది. మన వాళ్ళకి దాన్ని చూస్తే ఇల్లు గుర్తొస్తుంది. ఎండాకాలం ఇసుక మేటలు, పాయలు పాయలుగా నీళ్ళు. ఆ ఇసుక వల్ల అక్కడ అడుగు చదునుగా ఉన్న పడవలు వాడారు. పైకి పోవాలంటే ఎక్కువగా తెరచాప ఎత్తేవాళ్ళు. ఎందుకంటే ఆ నది పడమరకి, అట్లాంటిక్ వైపు పారుతుంది, గాలి ఎక్కువగా పడమర నుంచే వీస్తుంది. గాలే పడవని ఎదురు ప్రవాహంలో పైకి నెట్టేది.

ఇది సైకిల్‌కి చాలా పనికొచ్చే సంగతి. డాన్యూబ్ తూర్పుకి పారుతుంది, గాలి ఎక్కువగా పడమర నుంచి. అంటే నదితో పాటు కిందికి పోతే గాలి మీ వీపు మీద. లువార్‌లో నదితో పాటు కిందికి పోతే గాలి మీ మొహం మీద. "నది కిందికే గదా, ఈజీ" అనుకుని పోతే మూడు రోజులూ గాలితో కుస్తీ పట్టాల్సి రావచ్చు. నది పక్కన వాలు చాలా తక్కువ, అది మీ కాళ్ళకి తెలియదు కూడా. గాలి మాత్రం బాగా తెలుస్తుంది. పాత పడవవాళ్ళకి ఈ లెక్క ఏ యాప్ లేకుండానే తెలుసు.

లువార్ దారి చాలాచోట్ల వరద కట్టల మీద పోతుంది. మధ్యయుగాల నుంచి పోసుకుంటూ వచ్చిన కట్టలు అవి. కట్టలు ఉన్నా 1846, 1856, 1866లో మూడు పెద్ద వరదలు వచ్చాయి. అదే 1846లో రైలు కూడా టూర్ నగరం దాకా వచ్చింది, పడవ బేరం పడిపోయింది. కట్ట మీద దారి కాబట్టి నది, పొలాలు రెండూ కిందికి కనిపిస్తాయి. కోటలు, రాజభవనాలు ఇష్టమైతే ఇక్కడికి పోవచ్చు. లియొనార్డో డావిన్చి 1519లో చనిపోయింది ఈ నది ఒడ్డున్న అంబ్వాజ్ ఊళ్ళోనే.

మూడోది కాలువ. దక్షిణ ఫ్రాన్స్‌లో కనాల్ ద్యు మిది. తూలూజ్ నుంచి మధ్యధరా తీరం దాకా దాదాపు 240 కిలోమీటర్లు. పియర్-పాల్ రికే అనే ఆయన చేతుల మీదుగా 1666లో మొదలై 1681లో పూర్తయింది. ఆయన 1680లోనే పోయాడు, కాలువ తెరవడం చూడలేదు. ఒక దశలో 12,000 మంది దాకా తవ్వారని చెప్తారు, అందులో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. అది కూడా గుర్రాలు లాగిన కాలువే, గట్టు మీద లాగుడు బాట ఉంది. చెట్ల నీడ అందంగా ఉంటుంది. కాకపోతే చాలా దూరం మట్టి బాటే, చెట్ల వేర్లు పైకి లేచి ఉంటాయి, సన్నటి టైర్లు ఇబ్బంది పడతాయి. చెట్లకి తెగులు వచ్చి 2006 నుంచి వేల సంఖ్యలో కొట్టేస్తున్నారు కూడా. ఫొటోల్లో కనిపించే నీడ ప్రతి చోటా ఉంటుందని నమ్మకం పెట్టుకోవద్దు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి జవాబు. మూడు రోజులే, నలుగురూ కొత్తవాళ్ళు, జర్మనీ నుంచి బయల్దేరాలి. నేనైతే డాన్యూబ్ అంటాను. పస్సావ్ నుంచి వియన్నా మొత్తం కొట్టేద్దాం అని మాత్రం అనను, అది వారం పని. లింజ్ దాకా రైలు. అక్కడ నుంచి మొదటి రోజు గ్రైన్, రెండో రోజు మెల్క్, మూడో రోజు క్రెమ్స్. మొత్తం 150 కిలోమీటర్ల దగ్గర. క్రెమ్స్ నుంచి వియన్నాకి రైలు ఉంది. రైల్లో సైకిల్‌కి విడిగా టికెట్ ఉంటుంది, దూరం పోయే రైళ్ళలో ముందే చోటు బుక్ చేసుకోవాలి. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్ళకి ఆస్ట్రియాలో ఇట్లాంటి చిన్న ట్రిప్‌కి వేరే వీసా అక్కర్లేదు, కానీ పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు రెండూ జేబులో ఉండాలి.

ఈ ముక్కనే ఎందుకు చెప్తున్నానంటే, మూడు రోజుల్లో మూడు రకాల చరిత్ర కనిపిస్తుంది.

గ్రైన్ దగ్గర నది ఇరుకైపోతుంది. ఒకప్పుడు అక్కడ నీళ్ళలో బండలు, సుడిగుండాలు. పడవలు పగిలిపోయేవి. దారి తెలిసిన స్థానిక పడవవాళ్ళు లేకుండా దాటేవాళ్ళు కాదు. ఆ ఊరు బాగుపడింది ఆ పని మీదే. 18వ శతాబ్దం చివర్లో బండల్ని పేల్చడం మొదలుపెట్టారు. ఇప్పుడు చూస్తే నిశ్శబ్దంగా ఉంటుంది నది, ఏమీ తెలియనట్టు.

మెల్క్ నుంచి క్రెమ్స్ మధ్యది వాఖావ్ లోయ. కొండ మీద పెద్ద మఠం, వాలుల్లో ద్రాక్షతోటలు. 2000లో యునెస్కో జాబితాలోకి వచ్చింది. మధ్యలో డ్యూర్న్‌స్టైన్ అనే చిన్న ఊరు. క్రూసేడ్ యుద్ధాల నుంచి ఇంటికి పోతున్న ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ని 1192లో పట్టుకుని అక్కడి కోటలో పెట్టారు. రాజైనా సరే దారి తప్పు ఎంచుకుంటే అంతే సంగతి.

మూడోది నేను మరీ మరీ చెప్పేది. మొదటి రోజు, లింజ్ దాటాక పాతిక కిలోమీటర్ల దగ్గర మౌట్‌హౌజెన్ వస్తుంది. చూడటానికి నది ఒడ్డున చక్కటి ఊరు. పైన గుట్ట మీద నాజీల నిర్బంధ శిబిరం. 1938 నుంచి 1945 దాకా నడిచింది. అక్కడా, దాని కింద ఉన్న చిన్న శిబిరాల్లోనూ దాదాపు 1,90,000 మందిని బంధించారు. కనీసం 90,000 మంది చనిపోయారు. శిబిరం అక్కడ ఎందుకు పెట్టారో తెలుసా? రాయి కోసం. పక్కనే గ్రానైట్ క్వారీ. ఆ క్వారీ మెట్లు 186, వాటి మీద ఖైదీలతో బండలు మోయించి చంపారు. చాలామంది సైక్లిస్టులు కింద బాట మీద నుంచి అట్లాగే వెళ్ళిపోతారు. మీరు మాత్రం రెండు మూడు గంటలు తీసిపెట్టి పైకి ఎక్కండి. నది పక్కన జరిగే పనులన్నీ గుర్రాలు, ధాన్యం లాంటి మంచి కథలే కావు. ఆ గుట్ట ఎక్కడం మాత్రం చదును కాదు, కాళ్ళకీ కాదు, మనసుకీ కాదు.

సరే, ఇప్పుడు మళ్ళీ మన దగ్గరికి. మన తెలుగు నేల మీద లాగుడు బాటలు అసలు లేవా? ఉన్నాయి. మన మెట్ట దాటి కిందికి, డెల్టాలోకి పోతే ఉన్నాయి. విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855కి పూర్తయింది. అక్కడ నుంచి తీసిన కాలువలు పొలాలకి నీళ్ళు ఇవ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. ఏలూరు కాలువ కృష్ణని గోదావరితో కలిపింది. బకింగ్‌హామ్ కాలువ మద్రాసు దాకా పోయింది. ఆ కాలువల్లో గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు. అవును, డాన్యూబ్‌లో గుర్రాలు చేసిన పని మన దగ్గర మనుషులు చేశారు. భుజానికి తాడు వేసుకుని, ముందుకి వంగి, గట్టు వెంబడి నడిచారు. బియ్యం, ఉప్పు, పొగాకు, కట్టె అన్నీ అట్లాగే కదిలాయి. 1890లలో రైలు మార్గం వచ్చింది, తర్వాత లారీ వచ్చింది. ఆ మనుషులకీ పనిపోయింది.

డాన్యూబ్ గుర్రాలకి బొమ్మలు, మ్యూజియంలు, సమాచార బోర్డులు ఉన్నాయి. మన కాలువ గట్ల మీద పడవ లాగినవాళ్ళకి ఏం ఉంది? ఒక బోర్డు ఉన్నా నాకు చూపించండి, సంతోషిస్తాను.

ఇగ మన నాగార్జునసాగర్ ఎడమ కాలువ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. వేలమంది కూలీలు రాయి మీద రాయి పేర్చి ఆనకట్ట కట్టారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. ఎడమ కాలువకి లాల్ బహదూర్ పేరు పెట్టారు. అది మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్ని తడుపుతూ ఖమ్మం వైపు పోతుంది. మన మిర్యాలగూడ రైస్ మిల్లుల వెనక ఉన్న నీళ్ళు అవే.

ఈ కాలువకి గట్టు ఉంది, గట్టు మీద దారి కూడా ఉంది. కానీ అది లాగుడు బాట కాదు. ఈ కాలువ వచ్చేసరికి లారీల కాలం వచ్చేసింది, పడవ అవసరం లేదు. ఆ దారి నీటిపారుదల శాఖ జీపు తిరగడానికి, తూములు చూసుకోవడానికి వేసింది. అందుకే కొన్ని చోట్ల బాగుంటుంది, కొన్ని చోట్ల ముళ్ళపొదల్లో కలిసిపోతుంది. గుర్రం కోసం వేసిన దారి తెగకుండా సాగాలి, జీపు కోసం వేసిన దారికి ఆ అవసరం లేదు. తేడా అంతా అక్కడే.

పొద్దున్నే సైకిల్ తీసి కాలువ గట్టు మీద రీల్స్ చేసే పిల్లల్ని చూస్తున్నాను. మంచిదే. కానీ ఒక మాట వినండి. అది పార్కు కాదు. నీళ్ళు పైకి మెల్లగా కనిపిస్తాయి, లోపల గుంజుతాయి. సిమెంటు లైనింగ్ చేసిన చోట పాచి పడితే, లోపలికి జారినవాడికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు, ఈత వచ్చినా సరే. సెల్ఫీ కోసం లోపలి వాలు మీదికి దిగకండి.

2024 సెప్టెంబర్ మనకి గుర్తుండాలి. ఆ నెల మొదట్లో కురిసిన వానలకి కోదాడ మునిగింది, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకి గండి పడింది, పొలాలు కొట్టుకుపోయాయి. సరిగ్గా రెండు వారాల తర్వాత, అదే నెల మధ్యలో, ఆస్ట్రియాలో కూడా భారీ వరదలు. నేను ఇందాక చెప్పిన వాఖావ్ లోయ ఉన్న రాష్ట్రాన్ని మొత్తంగా విపత్తు ప్రాంతంగా ప్రకటించారు. మన దగ్గరైనా, వాళ్ళ దగ్గరైనా నది పక్క దారిని నది అప్పు ఇచ్చినట్టే. ఎప్పుడైనా వెనక్కి అడుగుతుంది. అందుకే బయల్దేరే ముందు వాతావరణం ఒక్కటే కాదు, నది నీటిమట్టం కూడా చూసుకోండి. ఆస్ట్రియాలో అది ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. దారి మూసేశామని బోర్డు ఉంటే వెనక్కి తిరగండి, పక్కనుంచి దూరి పోవద్దు.

నీళ్ళు తీసుకున్న వాటి లెక్క ఇంకోటి ఉంది. టావెర్నియే 12 కోసులు చుట్టు తిరిగి పోయిన ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కిందికి పోయింది. సాగర్ కింద నాగార్జునకొండ లోయ మునిగింది. అక్కడ మాత్రం 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు, ఇప్పుడు అది దీవి అయింది. నేను ప్రాజెక్టులకి వ్యతిరేకం కాదు. ఆ నీళ్ళ అన్నమే మనం తిన్నాం. కానీ మునిగినదాని పేరైనా మనకి నోటికి రావాలి గదా. యూరప్‌లో ఒక గుర్రపు బాట కథ చదవడానికి మనవాళ్ళు వేల కిలోమీటర్లు పోతారు. మన పక్క మండలం మీదుగా నడిచిన వజ్రాల దారి గురించి సూర్యాపేటలో ఎంతమందికి తెలుసు?

విదేశాల్లో ఉన్నవాళ్ళు డాన్యూబ్‌కి పోండి. ఇక్కడ ఉన్నవాళ్ళు చేసేదీ ఒకటి ఉంది. మిర్యాలగూడ నుంచి దామరచర్ల మీదుగా వాడపల్లి పాతిక కిలోమీటర్ల దూరం. చలికాలంలో తెల్లవారి బయల్దేరితే ఎండ ముదరకముందే చేరుకోవచ్చు. లారీలు తిరిగే రోడ్డు, వెనక ఎర్ర లైటు, తలకి హెల్మెట్ తప్పనిసరి. అక్కడ మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది, అగస్త్యేశ్వరుడి గుడి ఉంది, నరసింహస్వామి గుడి ఉంది. అవతలి ఒడ్డు పల్నాడు. ఇప్పుడు వంతెన మీద నిమిషంలో దాటేస్తాం. అక్కడ పెద్దవాళ్ళు ఎవరైనా అరుగు మీద కూర్చుని ఉంటే ఆగి అడగండి: "పెద్దయ్యా, వంతెన లేనప్పుడు ఎట్లా దాటేవాళ్ళు? బల్లకట్టు ఎవరు నడిపేవాళ్ళు? పుట్టి ఎవరు వేసేవాళ్ళు? వరదొస్తే ఎన్ని రోజులు ఆగేవాళ్ళు?" వాళ్ళు ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. డాన్యూబ్ పక్కన ఉన్న బోర్డులు కూడా ఎప్పుడో ఒకరు అడిగి రాసుకుంటేనే వచ్చాయి.

దారి ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు చాలు. ఈ దారి ఎవరి పని కోసం వేశారు? గాలి ఎటు వీస్తుంది? నేను ఏ ఒడ్డున ఉండాలి, ఎక్కడ దాటాలి? ఈ మూడింటికీ జవాబు దొరికితే మీ ట్రిప్ సగం అయిపోయినట్టే.

వచ్చే ఎపిసోడ్‌లో నాగులపహాడ్ గుళ్ళ దగ్గర కలుద్దాం. అప్పటిదాకా టైర్లలో గాలి చూసుకోండి, బాటిల్ నిండా నీళ్ళు పెట్టుకోండి. ఉంటాను మరి.